నిమ్ము జ్వరానికి ఏ ఫోటో తీయించాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఏ విషయం చెప్పమంటారని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు, వైద్య సహాయ నిధి ఖాతా పుస్తకం తెచ్చి మా ముందు పెట్టినారు. పేజీలు తిప్పినాము. చలికాలం నెలలలో దగ్గు, జ్వరం, ఆయాసం అని రాసి ఉన్న వరుసలలో మందుల చీటీలకంటె స్కానింగు చీటీలే ముందు కండ్లబడినవి. కొందరికి మందుకు అయిన ఖర్చు వందలలో ఉన్నది, స్కానింగుకు అయినది వేలలో. అందులో ఎన్ని అవసరమైనవి, ఎన్ని కావు అని ఆయన అడిగినారు. కాగితం చూసి చెప్పలేము గాని, ఈ రోజు మాట్లాడవలసినది ఇదేనని అనుకొన్నాము.

ఊపిరితిత్తులలో గాలి నిండవలసిన చిన్న చిన్న తిత్తులలో సూక్ష్మజీవులు చేరి, వాపు వచ్చి, చీమూ నీరూ నిండితే దానిని న్యుమోనియా అంటారు. మన ఊళ్లలో 'నిమ్ము చేరింది' అంటారు. పసిపిల్లకు వస్తే మన ఇండ్లలో 'పస్లీ చల్ రహీ హై' అంటారు, తెలుగువారు డొక్కలెగరేస్తున్నది అంటారు. ఆ మాటలు పుట్టించినవారు డాక్టర్లు కారు, తల్లులు. అయినా ఆ మాటలోనే సగం వైద్యం ఉన్నది, ఎట్లాగంటే వాళ్లు చూసినది ఫోటో కాదు, బిడ్డ ఊపిరి.

అందుచేత ఫోటో మాటకు ముందు ఊపిరి లెక్క చెబుతాము. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, గడియారం పెట్టుకొని పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతున్నదో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందుకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలలనుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి అయిదేండ్ల లోపు పిల్లకు 40 గాని అంతకు మించి గాని ఉంటే అది వేగమైన ఊపిరి. దగ్గుతో పాటు ఇట్లా ఉంటే న్యుమోనియా అనుకొని డాక్టరుకు చూపించవలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పల్లెల్లో పనిచేసేవారికి నేర్పే లెక్క ఇదే. ఇందులో ఎక్సరే లేదు. ఇంట్లో ఉండి మందు మింగగల పిల్లకు ఎక్సరే లేకుండానే వైద్యం మొదలు పెట్టవచ్చును. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదవులు నీలిరంగు తిరిగినా, డొక్క బాగా లోపలికి గుంజుకొంటున్నా మాత్రం ఏ ఫోటో సంగతీ ఆలోచించక ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండు నెలల లోపు బిడ్డ విషయంలో ఏ ఒక్కటి కనబడినా అంతే.

పెద్దవారిలో జ్వరం, చలి, కళ్లె, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పొడిచినట్టు నొప్పి, ఇవి అందరికీ తెలిసినవే. ముసలివారి సంగతి వేరు. డెబ్బై దాటిన తాతకు జ్వరమే రాకపోవచ్చు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఈ రోజు మాట తడబడుతూ, అన్నం వద్దంటూ, మనుషులను పోల్చుకోలేక ఉంటే, అదికూడా నిమ్ము కావచ్చును. నిమిషానికి ఊపిరి 30కి చేరితే అది ప్రమాద సూచన. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు కరోనా తరువాత చాలా ఇండ్లలో ఉన్నది, దానిలో 94 కన్నా తక్కువ చూపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు.

ఇక ఫోటో సంగతి. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. ఏమి కిరణాలో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టినాడు, ఆ పేరే నిలిచింది. గాలి ఉన్నచోట కిరణాలు సులువుగా దూసుకుపోయి ఫిల్ము నల్లగా వస్తుంది, ఎముక ఉన్నచోట తెల్లగా వస్తుంది. నిమ్ము చేరిన భాగంలో గాలి పోయి నీరు నిండుతుంది గనుక నల్లగా ఉండవలసిన చోట తెల్లని మచ్చ పడుతుంది. ఇంతే దాని కిటుకు.

పెద్దవారిలో న్యుమోనియా అనుమానం వస్తే, సౌకర్యం ఉన్నచోట, మొదట తీయించవలసినది ఈ మామూలు ఛాతీ ఎక్సరేయే. మన దేశపు ఛాతీ వైద్యుల సంఘాలు రెండు కలిసి 2012లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాలలోనూ ఇదే ఉన్నది: వీలున్నచోట ఎక్సరే తీయాలి, అందుబాటులో లేకపోతే రోగిని పరీక్షించి అనుమానం మీదనే వైద్యం మొదలు పెట్టవచ్చును, సి.టి. స్కాను మాత్రం అందరికీ మామూలుగా తీయరాదు. ఈ మాట మేము మా సొంత అభిప్రాయంగా చెబితే 'డాక్టరు సాబుకు పాతకాలపు బుద్ధి' అంటారేమోనని ఆ సంఘాల పేరు చెబుతున్నాము.

అయితే ఎక్సరే తీయడంలోనూ మంచీ చెడ్డా ఉన్నవి. నిలబడగలిగినవారిని నిలబెట్టి, ఛాతీని ఫిల్ముకు ఆనించి, వీపు వైపునుంచి ఆరడుగుల దూరాన కిరణం వదిలి, నిండా ఊపిరి పీల్చి బిగబట్టినప్పుడు తీసినది మంచి ఫోటో. మంచం మీద పడుకోబెట్టి ముందునుంచి తీస్తే గుండె ఉన్నదానికంటె పెద్దగా కనబడుతుంది, ఊపిరి సగమే పీల్చితే లేని నిమ్ము ఉన్నట్టు కనబడుతుంది. మరొక సంగతి అక్కచెల్లెళ్లు మనసులో పెట్టుకోవాలి. మెడలో గొలుసు, వెండి తావీజు, జాకెట్టు హుక్కులు, భుజం మీద పడిన జడ, ఇవన్నీ ఫిల్ము మీద నీడ వేస్తాయి. దట్టమైన జడ నీడ ఊపిరితిత్తి పైభాగం మీద పడితే క్షయ మచ్చేమోనని భ్రమ కలుగుతుంది. తావీజు తీయడం ఇష్టం లేక ఫోటోనే వద్దని తిరిగి వెళ్లిన అవ్వను చూసినాము. తీసి కోడలి చేతిలో పెట్టి, ఫోటో కాగానే మళ్లీ కట్టుకొంటే సరిపోయె గదా. ఆడమనిషి తోడుండాలని, ఆసుపత్రి గౌను ఇవ్వాలని అడగడానికి మొహమాటపడకండి, అడిగితే ఇస్తారు.

ఎక్సరేకు తెలియనివి కూడా ఉన్నవి. జబ్బు మొదలైన మొదటి రోజు ఫోటో శుభ్రంగా ఉండవచ్చును. ఒంట్లో నీరు ఎండిపోయినవారిలో మచ్చ ఆలస్యంగా తేలుతుంది. ఫోటో బాగున్నది గనుక జబ్బు లేదని ఇంటికి పోరాదు, డాక్టరు మళ్లీ రమ్మన్న రోజుకు రావాలి. అట్లాగే తెల్లమచ్చ ఉన్నంత మాత్రాన అది ఏ సూక్ష్మజీవి పని అన్నది ఫోటో చెప్పలేదు. గుండె బలహీనపడి ఊపిరితిత్తులలోకి నీరు వచ్చినా అట్లాగే ఉంటుంది. అందుకే డాక్టరు చెవి, చేయి, రక్తపరీక్ష, కళ్లె పరీక్ష ఇవన్నీ ఫోటోకు తోడు కావాలి.

మరి ఈ స్కానింగు మోజు మనకు ఎప్పుడు పట్టింది? మా జ్ఞాపకంలో ముఖ్యంగా 2021 ఏప్రిల్, మే నెలలలో. కరోనా రెండో అల రోజులవి. ముక్కులో పుల్ల పెట్టే పరీక్ష ఫలితం ఆలస్యమవుతున్నదని జనం తామే వెళ్లి సి.టి. తీయించుకొన్నారు. 'భాయ్, నీ స్కోరు ఎంత?' అంటే '25లో 8' అని చెప్పుకొన్నారు, పదో తరగతి మార్కులు చెప్పుకొన్నట్టు. ఒంట్లో ఆక్సిజన్ బాగా ఉండి, తిరుగుతూ తింటూ ఉన్న పిల్లగాండ్లు కూడా పోయి పడుకొని వచ్చినారు. అప్పుడే మే 3వ తేదీన ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు డాక్టర్ రణదీప్ గులేరియాగారు, తేలికపాటి జబ్బుకు సి.టి. అవసరం లేదనీ, ఒక సి.టి. 300 నుంచి 400 ఎక్సరేలకు సమానమనీ అన్నారు. రేడియాలజిస్టుల సంఘం ఆ లెక్క పాతకాలపు యంత్రాలదని అభ్యంతరం చెప్పింది. జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులు ఛాతీ హెచ్.ఆర్.సి.టి.కి 1,995 రూపాయలకు మించి తీసుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే ఎందరి జేబులు ఖాళీ అయినవో మీకు తెలుసు.

ఆ ఇద్దరి లెక్కలో ఎవరిది నిజమని మమ్ములను చాలామంది అడిగినారు. రెండింటిలోనూ నిజం ఉన్నది. ముందునుంచో వెనుకనుంచో తీసే ఒక్క ఛాతీ ఎక్సరేలో ఒంటికి తగిలే కిరణం సుమారు 0.02 మిల్లీసీవర్టు. నేలనుంచీ ఆకాశంనుంచీ మనిషికి ఊరికే ఏడాదికి సగటున 2.4 దాకా తగులుతూనే ఉంటుంది. అంటే ఒక ఎక్సరే మూడు రోజుల ఎండాగాలితో సమానం అనుకోండి. మామూలు ఛాతీ సి.టి.లో 5 నుంచి 7 దాకా ఉంటుంది, అది రెండు మూడేండ్ల లెక్క. కొత్త యంత్రంలో, తక్కువ మోతాదు పెట్టి తీస్తే అది చాలా తగ్గుతుంది. ఏ యంత్రం, ఎట్లా తీసినారు అన్నదాని మీద ఉన్నది. అవసరమైన సి.టి. ఒకటి తీస్తే భయపడవలసింది ఏమీ లేదు. అవసరం లేనిది, అందులోనూ చిన్నపిల్లలకు, అరగంట ఆత్రానికి తీయించరాదు.

కిరణాలకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది, అది ఆలస్యం. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాము. ఆ ఫ్యాక్టరీ కథ మీకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వ కాలంలో 1930లలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్నది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ మూతతో ఆయన కొడుకుల చేతిలో పని కూడా పోయింది. ఆయనకు మూడు రోజులు జ్వరం, కుడిపక్క నొప్పి. ఊళ్లో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, కుడి కిందిభాగంలో నిమ్ము ఉన్నది, ఎక్సరే తీసి ఈ పూటే ఇంజెక్షను మొదలుపెడతాను అన్నాడు. కొడుకులకు నమ్మకం చాలలేదు. తండ్రి మీద ప్రేమే అది, తప్పు పట్టలేము. కోడలి గాజులు కుదువపెట్టి కారు మాట్లాడి, నూరు మైళ్లు దాటి పట్నం తీసుకుపోయి స్కాను తీయించినారు. రిపోర్టు రాత్రికి వచ్చింది, కుడి కిందిభాగంలో న్యుమోనియా అని. మొదటి ఇంజెక్షను పడింది మరునాడు పొద్దున. ఊళ్లో డాక్టరు చెప్పినదే అచ్చులో చూడడానికి ఒక రాత్రి పోయింది. ఆయన బ్రతికినాడు గాని ఆ రాత్రిలో ఆక్సిజన్ పడిపోయి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ గాజులు విడిపించడానికే మన సంఘానికి అర్జీ వచ్చింది.

అట్లాగని సి.టి. పనికిరానిదని మేము అనడం లేదు. మందు సరిగ్గా వాడినా జ్వరం దిగకపోతే, మచ్చ పెరిగితే, చీముగడ్డ కట్టిందని అనుమానమైతే, కాన్సరు మందులు వాడుతున్నవారికో, రోగనిరోధక శక్తి తగ్గినవారికో ఎక్సరే బాగుండి కూడా ఆయాసం పెరుగుతుంటే, అప్పుడు సి.టి. తప్ప దారి లేదు. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని అనుమానం వస్తే రక్తంలోకి మందు ఎక్కించి తీసే వేరే రకం సి.టి. ఉన్నది. అన్నింటికీ ఒకే స్కాను కాదు. అందుకే డాక్టరు సి.టి. రాస్తే, 'సాబ్, దీనిలో ఏమి చూడదలచినారు?' అని అదబుతో అడగండి. జవాబు ఉంటే వెంటనే తీయించండి, మాట్లాడకండి.

చెరకు ప్రాంతం గనుక ఇంకొక మాట. నిలవ ఉండి బూజుపట్టిన చెరకు పిప్పిని కదిపేవారికి, కదిపిన కొన్ని గంటలకు జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వచ్చే జబ్బు ఒకటున్నది, దానిని బగాసోసిస్ అంటారు. అచ్చం న్యుమోనియావలెనే ఉంటుంది, యాంటిబయాటిక్ పనిచేయదు. ఇంటిపట్టున ఉంటే తగ్గి, పనికి పోతే మళ్లీ వస్తుంది. ఎక్సరే ఒక్కొక్కసారి మామూలుగానే ఉంటుంది, సి.టి.లోనే నీడ తేలుతుంది. ఇక్కడ స్కాను కన్నా ముందు పనికివచ్చేది ఒక్క ప్రశ్న: నువ్వు ఏమి పని చేస్తావు? అది డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. పసుపు మార్కెట్టులో బస్తాలు దులిపేవారూ, రైస్ మిల్లులలో పనిచేసేవారూ కూడా చెప్పండి.

అల్ట్రాసౌండు అంటే మనవారికి కడుపులో బిడ్డను చూసేదని మాత్రమే తెలుసు. దానితో ఛాతీ కూడా చూడవచ్చును. కిరణాలు లేవు, మంచం దగ్గరికే తేవచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, ఎంత చేరింది, సూది ఎక్కడ పెట్టి తీయాలి అన్నది అదే బాగా చెబుతుంది. పిల్లలకూ గర్భిణులకూ మంచిది. నేర్చిన చేయి కావాలి. ఆడశిశువుల రక్షణకు వచ్చిన 1994 చట్టం ప్రకారం ప్రతి యంత్రమూ రిజిస్టరు కావాలి గనుక ఎక్కడంటే అక్కడ ఉండదు.

గర్భిణి మాట వచ్చింది గనుక చెబుతాము. నిండు గర్భిణికి నిమ్ము వస్తే అత్తలు ఎక్సరే వద్దంటారు. ఛాతీ ఎక్సరేలో కడుపులోని బిడ్డకు చేరే కిరణం లెక్కలోకి రానంత స్వల్పం. తల్లికి ఆక్సిజన్ తగ్గితే బిడ్డకు జరిగే హాని దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. గర్భం ఉన్నదని ముందే చెప్పండి, డాక్టరు అవసరమంటే కాదనకండి.

ఇంతవరకు ఎక్కువ ఫోటోల గురించి చెప్పినాము. తక్కువ ఫోటోల తప్పు కూడా ఉన్నది, అది మా తప్పే. కొన్నేండ్ల కిందట బీడీలు చేసే ఒక అమ్మాయి దగ్గుతో మా దగ్గరికి వచ్చింది. ఆకు పొగాకు దుమ్ము దగ్గు అనుకొని మందు రాసినాము. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. తల్లి, 'సాబ్, ఫోటో వద్దు, సంబంధం చూస్తున్నము, ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు' అన్నది. మేము ఆ మాటకు తల ఊపినాము. ఊపి ఉండకూడదు. మూడోసారి వచ్చేటప్పటికి రెండు నెలలు దాటినవి, మనిషి సగమైంది. అప్పుడు తీసిన ఎక్సరేలో పైభాగంలో మచ్చ, కళ్లె పరీక్షలో క్షయ. ఆరు నెలల మందుతో నయమైంది, పెళ్లి కూడా అయింది, సంతోషం. కాని ఆ ఇంట్లో చంటి తమ్ముడు ఒకడుండె. ఆ రెండు నెలలు వాడు అక్క పక్కనే పడుకొన్నాడు. వానికి కూడా మందు మింగించవలసి వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష, ఎక్సరే రెండూ కావాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్షా, మందూ ఉచితం. అక్కడ సి.టి.తో పని లేదు.

మన జిల్లాలో ఎక్సరే అంటే యువకులకు మొదట గుర్తొచ్చేది గల్ఫ్ మెడికల్. గామ్కా అనే పేరు ఇప్పుడు వాఫిద్ అని మారినా భయం మారలేదు. ఛాతీ ఫోటోలో పాత క్షయ మచ్చ ఉంటే 'అన్‌ఫిట్' కొడతారన్నది నిజమే. ఆ భయంతో న్యుమోనియా వచ్చిన పిల్లగాడు ఎక్సరే వద్దని పారిపోతున్నాడు. తమ్ముడా, ఫోటో తీస్తే మచ్చ పడదు, ఉన్న మచ్చ కనబడుతుంది. మామూలు న్యుమోనియా వెంటనే మందు వాడితే చాలామందిలో ఆనవాలు లేకుండా పోతుంది. వయసువారిలో నాలుగు నుంచి ఆరు వారాలలో ఫోటో శుభ్రమవుతుంది, ముసలివారిలో మూడు నెలలు పట్టవచ్చు. జ్వరం దిగిన పదో రోజునే మెడికల్‌కు పోయి మిగిలిన నీడతో చిక్కున పడకండి. మందు రాసిన డాక్టరును అడిగి తేదీ పెట్టుకోండి.

మనిషి కోలుకొంటుంటే వారానికొక ఎక్సరే అవసరం లేదు. మచ్చ పోవడం మనిషికంటె ఆలస్యం. కాని యాభై దాటినవారు, బీడీ, చుట్ట తాగేవారు ఆరు వారాల తరువాత ఒక్కసారి మళ్లీ తీయించుకోవాలి. నిమ్ము పోయిన చోట దాని వెనుక దాగిన గడ్డ ఏదైనా ఉంటే అప్పుడు తెలుస్తుంది. ఆ రెండో ఫోటో చూడాలంటే మొదటిది కావాలి. ఫిల్ములు దూలం మీద ఎండకూ చెమ్మకూ పెట్టి పాడు చేయకండి. కవరు మీద తేదీ రాసి దాచండి.

చివరగా కార్యదర్శిగారి ప్రశ్న. నిధి విషయంలో మా మనవి ఇది. ఎక్సరేకూ, మొదటి రోజు మందుకూ అర్జీ, సంతకాలు అని తిప్పకుండా అదే పూట డబ్బు ఇవ్వండి, అది పెద్ద మొత్తం కాదు. సి.టి.కి అర్జీ వస్తే చీటీ మీద ఒక గీత పెట్టండి, 'దీనితో ఏమి తెలియవలసి ఉన్నది' అని. డాక్టరు ఒక్క ముక్క రాస్తే చాలు, డబ్బు ఆపవద్దు. రాయకపోతే మాకు ఫోను చేయండి, రాత్రయినా సరే. ఆఫీసులో రెండు ఆక్సిజన్ మీటర్లు ఉంచితే అవసరమైన ఇంటికి ఒక పూట ఇచ్చి తిరిగి తెచ్చుకోవచ్చు. చీటీ నమూనా రాసి తెచ్చినాము, కార్యదర్శిగారి దగ్గర ఉన్నది. అక్కచెల్లెళ్లలో ఊపిరి లెక్కపెట్టడం నేర్వదలచినవారు భోజనాల తరువాత పక్క గదికి రండి, పసిపిల్లలను ఎత్తుకొని రండి, గడియారం మా దగ్గర ఉన్నది.